అర్బుదవ్యాధియు ఆహారమును

(పెదకూరపాడున మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



మమ్ము ఈ సభయందు మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, మేము విద్యావిషయమునుగూర్చియే చెప్పుదుమని వారు తలంచియుందురు. విశ్రాంతి పొందిన బడిపంతులకు అదియే తగిన విషయము. అయినను ఇటీవల బంధువుల యిండ్లకు పరామర్శకు పోయినప్పుడెల్ల వినవచ్చుచున్న పేరొక్కటియే. మన పెద్దలు రాచపుండనియు, సంస్కృతమున అర్బుదమనియు, నేడెల్లరును కేన్సరనియు పిలుచు వ్యాధి యది. ఏమి తినిన అది రాకుండును? వచ్చినవానికి ఏమి పెట్టవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చి మేము చదివి తెలిసికొన్నంత విన్నవింతుము. మేము వైద్యులము కాము.

శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులు మన పల్నాటి జొన్నకూటిని పరిహసించినవి. ఆ మహాకవికి సన్నన్నముపై మక్కువ యుండుగాక, నేటి శాస్త్రము మాత్రము జొన్నపక్షముననే యున్నది. పొట్టుతీయని ధాన్యములందలి పీచు పెద్దప్రేగు అర్బుదము వచ్చు అవకాశమును కొంత తగ్గించునని పలుదేశముల పరిశోధనలు తేల్చినవి. 1967లో సాగరు కాలువలకు నీరు వదలినది మొదలు మన కంచములలో జొన్న తగ్గి, మిల్లున తెల్లబరచిన వరియన్నము పెరిగినది. కాలువను నిందించుట మా యుద్దేశము కాదు. వారమునకు రెండుమూడు పూటలు జొన్నరొట్టెయో సంగటియో తినుటకు కాలువ అడ్డురాదు గదా!

మన ప్రాంతమువారు ఇంతకంటె జాగ్రత్తగా చూడవలసినది బూజు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చిపోగా, కారణము వెదకిన శాస్త్రజ్ఞులకు వాని మేతలోని వేరుసెనగపిండియందు బూజువిషము దొరకినది. అఫ్లాటాక్సిన్ అను ఆ విషము కాలేయమున అర్బుదమును పుట్టించును. వేరుసెనగకే గాక మొక్కజొన్నకును, తడియారకమునుపే పోగువేసిన మిరపకును ఈ బూజు పట్టును. వంటవేడికి ఆ విషము పూర్తిగా నశింపదు. మేలికాయను గుంటూరు యార్డునకు పంపి, బూజువాసన కొట్టు తాలుకాయను ఇంటి కారమునకు కొట్టించుకొనువారు మనలో కలరు. అట్టి కాయను పశువులకును పెట్టక పారవేయవలెను. కల్లమున పట్టాలపై బాగుగా ఎండిన కాయనే ఇంటికి తెచ్చుకొనవలెను.

పొగాకు, గుట్కా, సారాయి అనువానినిగూర్చి విస్తరింపము. అవి మానక ఆకుకూరలు తినిన ప్రయోజనము స్వల్పము. వక్కను మాత్రము నిరపాయమని తలంచువారు పెక్కుమంది యున్నారు. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన కేన్సరు పరిశోధనాసంస్థ 2004లో ప్రచురించిన గ్రంథమున, పొగాకు కలియని వక్కయు అర్బుదకారకమే యని నిర్ణయించినది. శుభకార్యములందు తాంబూలమిచ్చుటను మేము కాదనము. నిత్యము బుగ్గన పెట్టుకొని నములుట వేఱు.

ఇక బలమునకై అంగడిలో కొని మ్రింగు మాత్రలు. క్యారెట్టునందును మునగాకునందును గల బీటాకెరోటిన్ మంచిదని, ఫిన్లాండుదేశమున సుమారు 29 వేలమంది పొగత్రాగువారిని తీసికొని, కొందరికి దానిని మాత్రలుగా ఇచ్చి చూచిరి. 1994లో ప్రకటించిన ఫలితమేమనగా, ఆ మాత్రలు మ్రింగినవారిలోనే ఊపిరితిత్తుల అర్బుదము హెచ్చినది! ఆకున హితమైనది మాత్రయందును హితమే యగునను నమ్మకము లేదు.

ఈ సందర్భమున మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపకుండలేము. ఆకుకూరలందుండు ఫోలిక్ ఆమ్లమును అమెరికాలో వారి బృందము కృత్రిమముగా తయారుచేసినది. బోస్టనునందు ఫార్బరు అను వైద్యుడు నెత్తురు కేన్సరు సోకిన బిడ్డలకు ఆ జాతి పదార్థములనిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మారుగా త్వరపడినది. అంతట దానికి విరుద్ధముగా పనిచేయు ఎమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందము అందింపగా, కొందరు బిడ్డలకు తాత్కాలికముగా గుణము కనబడినది. ఆ ఫలితము వెలువడిన 1948లోనే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది. కావున చికిత్స పొందువారు విటమిను మాత్రలను వైద్యునడుగక మ్రింగరాదు. ఇంట వండిన తోటకూరకు ఈ భయము అక్కరలేదు.

పథ్యమను మాటకు మార్గమునకు తగినదని వ్యుత్పత్తి. మన యిండ్లలో దానికి కడుపు మాడ్చుట యను అర్థము వచ్చినది. మేమెఱిగిన యొక కుటుంబమున, రొమ్ము అర్బుదము సోకిన యిల్లాలికి మొదటిసారి కీమోథెరపీ యైన పిమ్మట ఎవరో పసరుమందు చెప్పి, పప్పు, పెరుగు, గ్రుడ్డు, మాంసము అన్నియు మానిపించిరి. రెండు నెలలలో ఆమె బరువు తగ్గి, నెత్తురు క్షీణించి, వైద్యులు మందు ఆపవలసివచ్చినది. మరల మొదలిడునాటికి వ్యాధి ఎముకలకు ప్రాకినది. ఆ తల్లి బిడ్డలిద్దరును మాయొద్ద చదివినవారే. చక్కెర పుండునకు మేతయని చెప్పి రోగికి అన్నము తగ్గించువారును కలరు. రోగిని మాడ్చినంతమాత్రమున పుండు మాడదు. (మధుమేహమున్నవారి సంగతి వేఱు.)

ఆహారము శస్త్రచికిత్సకును మందునకును రేడియేషనునకును బదులు కాజాలదు. వానిని తట్టుకొను సత్తువ నిచ్చును. నోరు పూసినవారికి కారము మాని, మెత్తని అన్నమును పప్పుకట్టుతోనో పెరుగుతోనో కలిపి, గోరువెచ్చగా, కొంచెము కొంచెముగా రోజుకు ఆరుసార్లు పెట్టుడు. గ్రుడ్డు తినువారికి బాగుగా ఉడికించి యిండు. తెల్లకణములు తగ్గినవని వైద్యులు చెప్పిన దినములలో పచ్చికూరలును, కాచని పాలును వలదు. వారమున కొకమారు రోగిని తూచి, ఆ లెక్క కాగితముపై వ్రాసి, ఆసుపత్రికి పోవునపుడు వెంట తీసికొనిపొండు.