పడగొట్టే ముందు ఒక ఫొటో



చలికాలం వచ్చిందంటే గండికోటకు జనం విరగబడి వస్తారు. జమ్మలమడుగు మీదుగా బస్సుల్లోనూ, మోటారు సైకిళ్లపైనా వచ్చి, పెన్నేరు ఎర్రమల కొండలను కోసుకొని పారే లోయ అంచున నిలబడి ఫొటోలు తీసుకొని వెళతారు. చూడవలసిన చోటే, కాదనను. కాని రైతు కంటికి ఆనవలసిన కట్టడం ఆ కోటలో మరొకటి ఉన్నది. జుమ్మా మసీదు దాపున ఉన్న ధాన్యాగారం అది. లోయకు వీపు పెట్టి ఒక్కసారి దాని వైపు తిరగండి.

పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు. కోటను శత్రువు చుట్టుముట్టినప్పుడు లోపలివారిని నిలబెట్టేది ఫిరంగి ఒక్కటే కాదు, గింజ కూడాను. అందుకే అంత దిట్టమైన గిడ్డంగి కట్టారు. దాని కప్పు రాతితో కమానుగా తీర్చిన కప్పు. దూలం లేదు, వాసం లేదు. కొయ్య లేని చోట చెదకు పనేమున్నది? గోడ మందం కాబట్టి పగటి ఎండ, రాత్రి చలి లోపలి గింజకు చప్పున తగలవు. ఏ పుస్తకమూ తెరవకుండా ఆ గోడే మనకు ఇంత పాఠం చెబుతున్నది.

అటువంటి పాఠాలు మన పల్లెల్లోనూ ఉన్నవి. పాడుబడిన కొట్టాలు, మట్టిమిద్దెలు, గాదెలు, గింజల కొట్టిడీలు, పూడిపోయిన జొన్న పాతరలు. గండికోటలోని ధాన్యాగారం పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. మీ కొట్టానికి ఏ శాఖ రక్షణా లేదు. దానికి మీరే దిక్కు.

“కూలే కొట్టానికి ఫొటో ఎందుకు సార్, కొత్త షెడ్డుకు లోను ఇప్పించు” అని మీలో కొందరు అనవచ్చును. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నవాణ్ణే. అందుచేత నా తప్పు ఒకటి ముందు చెప్పుకొంటాను.

కొన్నేళ్ల క్రిందట ఒక పెద్దాయన ఇంటి వెనుక పాత గింజల కొట్టిడి చూచినాను. “దీంట్లో జొన్నలు రెండేండ్లు పెట్టినా పురుగు ముట్టలేదు సార్” అన్నాడాయన. నేను లోపలికి తొంగి కూడా చూడలేదు. “కాలం మారింది పెద్దాయనా, పడగొట్టి రేకుల షెడ్డు వేసుకోండి” అన్నాను. ఆయన నా మాట విన్నాడు. మరుసటి వేసవిలో రేకుల క్రింద వేడికి గది కుంపటి అయింది. శనగలకు పుచ్చు పట్టింది. అప్పుడాయన అడిగినాడు: “ఆ గోడకు గాలి కంతలు యాడ ఉన్నాయో నీకేమన్నా గుర్తుందా సార్? మా నాయన కట్టింది. నాకు సరిగా తెల్దు.”

నాకేం గుర్తుంటుంది? ఇల్లంతా వెదికితే ఒక పెండ్లి ఫొటో దొరికింది. పెండ్లికూతురు వెనుక జానెడు గోడ, ఒకే ఒక కంత. మిగతావి ఎక్కడ ఉన్నవో, ఎంత ఎత్తున ఉన్నవో చెప్పగలవారు లేరు. ఒక్క పూట నేను ఫోను తీసి నాలుగు వైపులా ఫొటో తీసి ఉంటే ఆ పాఠం పోయేది కాదు. కొత్త షెడ్డు తప్పు కాదు. పాతదాన్ని చదవకుండా పడగొట్టించడం తప్పు.

ఇక చలికాలమే ఎందుకంటారా? ఈశాన్య ఋతుపవనం వానలు వెనుకబట్టిన తరువాత, పుష్య మాఘాల్లో మట్టిగోడ ఆరి గట్టిపడి ఉంటుంది. చుట్టూ పెరిగిన గడ్డి ఎండి గోడ అడుగు కనబడుతుంది. ఈ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు గనుక మిట్టమధ్యాహ్నం కూడా ఎండ ఏటవాలుగానే పడుతుంది. వాలు వెలుగులో రాతి అతుకు, గోడ పగులు, చేతితో మెత్తిన గుర్తు అన్నీ నీడతో సహా తేలుతాయి. వేసవి నడినెత్తి ఎండలో ఈ తేట రాదు.

తీసే పద్ధతి చెబుతాను, వినండి. తూర్పు గోడను ఉదయం ఏడు మొదలు తొమ్మిది లోపల తీయండి. పడమటి గోడను సాయంత్రం నాలుగు దాటాక తీయండి. దక్షిణపు గోడకు పగలంతా వెలుగుంటుంది. ఉత్తరపు గోడ రోజంతా నీడలోనే ఉంటుంది. పలుచని మబ్బు ఉన్న వేళ చూచి తీస్తే సరి. ఉదయపు మంచుకు ఫోను అద్దం చెమ్మగిల్లుతుంది, మెత్తని గుడ్డతో తుడవండి. గోడకు ఎదురుగా నిలిచి, ఫోను ఒరగకుండా నిలువుగా పట్టండి.

ఒక వెదురు కర్రకు అడుగడుగునా సున్నపు గీత పెట్టి గోడకు ఆనించండి. కర్ర లేని ఫొటోలో కంత జానెడో మూరెడో తెలియదు. మొదట నాలుగు వైపులు, తరువాత మూలలు, వాకిలి, గాలి కంతలు, మిద్దె నడుమ గవాచి, కప్పు లోపలి దూలాలు, వాసాలు, వాటిపై పరచిన నాపబండలు గాని చవుడు మట్టి గాని, ఈ వరుసలో తీయండి. ఇంట్లో పెద్దలుంటే వారిని పక్కన నిలబెట్టి “ఇది దేనికి?” అని అడగండి. వారు వేలు పెట్టి చూపించే చోటు తప్పక తీయండి. ఊరు, తేదీ, ఎవరు కట్టింది, ఏ గింజ పోసింది, ఎన్నాళ్లు నిలిచింది, ఇవన్నీ కాగితంపై వ్రాయండి.

జాగ్రత్తలు కూడా ఉన్నవి. విరిగిన దూలం క్రిందికి ఎంత మంచి ఫొటో వచ్చినా పోవద్దు. చేతిలో కర్ర, కాళ్లకు చెప్పులు గాక బూట్లు ఉండాలి. చలికి పాములు రాళ్ల సందుల్లో దూరి ఉంటాయి. తేనెతుట్టె ఉన్న చోట పొగ, అల్లరి కూడదు. పాత పాతర మూత తీసిన వెంటనే దిగవద్దు. మూసిన పాతరలో గింజ ఊపిరికి ప్రాణవాయువు తరిగి, బొగ్గుపులుసు గాలి నిండుతుంది. పురుగును చంపి గింజను కాపాడేది ఆ గాలే. మనిషి ప్రాణం తీసేదీ అదే. పాతరను పైనుండే తీయండి. పరాయివారి కొట్టమైతే యజమానిని అడగండి. గండికోటలో స్టాండు పెట్టి తీయదలచినవారు ముందుగా అక్కడి సిబ్బంది అనుమతి తీసుకోండి.

తీసిన ఫొటోలు ఫోనులోనే ఉంచవద్దు. ఫోను పోతే అవీ పోతాయి. పట్నం పోయినప్పుడు స్టూడియోలో అచ్చు వేయించి, పట్టాదారు పాసుపుస్తకంతో పాటు పెట్టెలో పెట్టండి. తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి: కొత్త గిడ్డంగి గురించి చెప్పబోయే ముందు ఆ ఇంటి పాత గిడ్డంగి ఫొటో ఒకటి చేతికి తీసుకోండి. గింజలో తేమ ఎంత ఉండాలో మనం చెబుదాం. గాలి ఎటు పోవాలో ఆ గోడ చెబుతుంది.

గండికోట దగ్గర కట్టిన జలాశయంలో 26.85 టి.ఎం.సి.ల నీరు పడుతుంది. 2020లో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లవారు ఇండ్లు వదలి లేచి పోవలసి వచ్చింది. పొలాలకు నీరు కావలసిందే. కాని నీరు చేరిన తరువాత ఫొటో తీయడానికి గోడ మిగలదు. మన ఊళ్లో నీరు రాకపోయినా, వాన ఉన్నది, చెద ఉన్నది, తొందరపడి నాలాగా సలహా ఇచ్చేవారూ ఉన్నారు.

కాబట్టి సోదరులారా, ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చిన పిల్లల చేతుల్లో ఎలాగూ ఫోన్లు ఉంటాయి. వారిని ఒక్క ఉదయం పాత కొట్టం దగ్గరికి తీసుకొని పొండి. తాత పక్కన నిలబడి చెప్పాలి, మనుమడు ఫొటో తీయాలి. ఆ తరువాత పడగొడతారో, నిలబెడతారో మీ ఇష్టం.