ఒక టెంటు, రెండు జెండాలు

పట్టాలు అందుకున్న మీకూ, ఫీజుల కోసం తిప్పలు పడి ఈ రోజు వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకూ మనసారా అభినందనలు.

ఈ రోజు మీతో ఒక పాత తగాదా గురించి మాట్లాడతాను. ఒకే ఆశయం కోసం కలిసి జైళ్లకు వెళ్లినవాళ్లు తమలో తాము పడ్డ తగాదా అది. రేపు మీరు ఏ ఉద్యోగంలో చేరినా ఏదో ఒక యూనియన్‌లోనో, పార్టీలోనో, కనీసం కాలనీ సంఘంలోనో సభ్యులవుతారు. అక్కడ మిమ్మల్ని ఎక్కువగా గాయపరిచేది మీతోపాటు ఒకే జెండా పట్టుకున్న మనిషే. అందుకే ఈ మాట మీ చెవిన వేయాలనిపించింది.

పుచ్చలపల్లి సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు తెలంగాణ సాయుధ పోరాటాన్ని ముందుండి నడిపిన నాయకులు. ఏళ్ల తరబడి అజ్ఞాతవాసం చేసినవాళ్లు. వాళ్ల కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలి, 1964 చివరికి వచ్చేసరికి ఒకరు సీపీఎంకూ, మరొకరు సీపీఐకీ ప్రధాన కార్యదర్శులు. ఎదురెదురుగా నిలిచిన రెండు జాతీయ పార్టీల పగ్గాలూ ఒకేసారి ఇద్దరు తెలుగువాళ్ల చేతిలో ఉన్నాయి. ఈ విషయం ఎప్పుడు తలుచుకున్నా నాకు బాధగానే ఉంటుంది.

వాళ్ల మధ్య భేదాలు చిన్నవని నేను అనను. కాంగ్రెస్‌తో కలిసి నడవాలా, దాన్ని ఎదిరించాలా? సోవియట్, చైనా పార్టీలు విడిపోతుంటే మనమెక్కడ నిలబడాలి? 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఏం మాట్లాడాలి? ఇవన్నీ తెల్లవార్లూ కూర్చుని వాదించుకోదగ్గ ప్రశ్నలే. కానీ 1964 మార్చిలో, పార్టీ అధ్యక్షుడు డాంగే నలభై ఏళ్ల కిందట బ్రిటిష్ ప్రభుత్వానికి రాశాడంటూ కొన్ని ఉత్తరాలు బయటికొచ్చాయి. నిజమైనవని కొందరు, ఫోర్జరీ అని కొందరు. ఏప్రిల్ 11న జాతీయ సమితి సమావేశం నుంచి 32 మంది లేచి వచ్చేశారు. తర్వాత సీపీఎంగా నిలిచింది వీళ్లే. ఆ జులైలో మన తెనాలిలోనే వాళ్ల సదస్సు జరిగింది. విధానం మీద మొదలైన చర్చ అప్పటికే మనుషుల మీదికి మళ్లింది. బయటికొచ్చినవాళ్లకు ఉండిపోయినవాళ్లు రివిజనిస్టులు, ఉండిపోయినవాళ్లకు బయటికొచ్చినవాళ్లు చైనా ఏజెంట్లు. పార్టీ ఆఫీసు ఎవరిది, పత్రిక ఎవరిది అనేదాకా వెళ్లింది వ్యవహారం. విశాలాంధ్ర పత్రిక సీపీఐ దగ్గరే ఉండిపోయింది.

ఒక మనిషిని ఏజెంటు అనేశాక అతని వాదన వినాల్సిన పని ఉండదు. చీలిక తెచ్చిన అసలు నష్టం ఇదేనని నా నమ్మకం. సీట్ల నష్టం తర్వాతి సంగతి. అదీ తక్కువేం కాదు. 1962లో ఉమ్మడి పార్టీకి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 51 స్థానాలు వస్తే, 1967లో రెండు పార్టీలవీ కలిపినా అందులో సగం కూడా రాలేదు.

ఆ రెండు ఎన్నికల మధ్యే మన ఊరి కథ ఉంది. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు గారు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం గారు ముందు నిలిచారు. విద్యార్థులు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. నవంబర్ 1న ఇక్కడ కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. రెండు కమ్యూనిస్టు పార్టీల వాళ్లూ, మిగతా ప్రతిపక్షాల వాళ్లూ ఒకే నినాదం పట్టుకున్నారు, శాసనసభ్యత్వాలు వదులుకున్నారు. రెండేళ్లుగా ముఖాలు చూసుకోనివాళ్లు ఉక్కు కోసం ఒక్కచోటికి వచ్చారు. కొన్ని నెలలకే ఎన్నికలొస్తే మళ్లీ ఒకరి మీద ఒకరు పోటీకి దిగారు. 1968లో సీపీఎం నుంచి తరిమెల నాగిరెడ్డి వర్గం బయటికి వచ్చింది. ఆ తర్వాత విప్లవ పార్టీ, అందులోనూ చీలికలు.

ఇలాంటి వాదనే సాహిత్యంలోకీ వచ్చింది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఆయన పుట్టిన ఈ విశాఖలోనే జరిగింది. శ్రీకాకుళంలో గిరిజన పోరాటం మీద నిర్బంధం సాగుతున్న రోజులవి. వచ్చిన రచయితల చేతుల్లో ఒక కరపత్రం పెట్టారు కుర్రాళ్లు. ‘రచయితలారా, మీరెటువైపు?’ అని దాని శీర్షిక. కింద సంతకం: విశాఖ విద్యార్థులు. మీ వయసువాళ్లే. అందులో కటువుదనం ఉంది, చాలామంది నొచ్చుకున్నారు. అయినా ఆ కరపత్రం అంటే నాకు గౌరవం. జవాబు చెప్పే వీలున్న ప్రశ్న అది. జవాబు వచ్చింది కూడా. అదే ఏడాది జులై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం, విరసం, పుట్టింది, శ్రీశ్రీ దానికి తొలి అధ్యక్షుడయ్యారు. ఆ దారి నచ్చనివాళ్లు నచ్చలేదని రాశారు. సాహిత్యంలో ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది.

మీరు కళ్లారా చూసిన సంగతికి వస్తాను. 2021 జనవరి 27న విశాఖ స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం ఒప్పుకుంది. ఫిబ్రవరి 12 నుంచి కూర్మన్నపాలెంలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. సీపీఐ వైపు ఏఐటీయూసీ, సీపీఎం వైపు సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ అన్నీ ఒకే టెంటు కింద. సీఐటీయూ పుట్టిందే 1970లో ఏఐటీయూసీ నుంచి విడిపోయి! ఏప్రిల్‌లో గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చాయి. పగలు టెంటులో పక్కపక్కన కూర్చున్నవాళ్లే గేటు మీటింగుల్లో ఒకరికి వ్యతిరేకంగా ఒకరు ఓట్లు అడిగారు. ఏఐటీయూసీ గెలిచింది. ఓడిన సీఐటీయూ టెంటు వదిలి వెళ్లలేదు, దీక్షలు ఆగలేదు. 1964లో పెద్ద నాయకులకు సాధ్యం కానిదాన్ని ఫర్నేసుల దగ్గర షిఫ్టులు చేసే కార్మికులు చేసి చూపించారు. విశాఖ నుంచి మీరు ఏ ఊరికి వెళ్లినా ఈ సంగతి గర్వంగా చెప్పండి.

చివరిగా మీకొక పని అప్పజెబుతున్నాను. 1966లో మన వీధుల్లో ఊరేగినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటుతున్నాయి. గాజువాకలో, కంచరపాలెంలో, మల్కాపురంలో ఇంకా కొందరు ఉన్నారు. మీ ఫోన్లు తీసుకెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేయండి. సీపీఐ ఇంటికి వెళ్లినవాళ్లు సీపీఎం ఇంటికీ వెళ్లండి. అవతలివాళ్ల గురించి ఆనాడు అన్న మాటల్లో ఈనాడు ఏది నిలుస్తుందంటారో ఇద్దరినీ అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, ఈ యూనివర్సిటీ లైబ్రరీకి ఇవ్వండి.