మంచాన పడ్డ మనిషిని లేపే చదువు

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



భద్రాచలం ఏజెన్సీ ఊళ్ల నుంచి హైదరాబాద్ వెళ్లి ఫిజియోథెరపీలో పీజీ, అంటే ఎంపీటీ, రెండో ఏడాది చదువుతున్న కోయ బిడ్డలం మేం ముగ్గురం. ముగ్గురి మాటా కలిపి చెబుతున్నాం.

ఊళ్లో మమ్మల్ని "మాలిష్ చేసే చదువా బిడ్డా?" అని అడుగుతారు. కాదు. ఏ కండరం పని చేయడం లేదు, ఏ కీలు ఎంతవరకు వంగుతోంది, ఊపిరి ఎందుకు అందడం లేదు అని కొలిచి చూసి, ఆ మనిషి తన పని తాను మళ్లీ చేసుకునేలా నేర్పించే చదువు ఇది. పొద్దున వార్డుల్లో పేషెంట్లు, మధ్యాహ్నం క్లాసులు, రాత్రి థీసిస్ పని. ఇదీ మా రోజు.

మొదట్లో ఇంగ్లిష్ అంటే భయం. కేస్ ప్రెజెంటేషన్ అనగానే నోరు ఎండిపోయేది. హాస్టల్ గదిలో మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి కేసునూ ముందు కోయలో, తర్వాత తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. కోయలో చెప్పగలిగితే అర్థమైనట్టే. ఇంగ్లిష్ మాటలు వెనకాలే వచ్చేవి. స్కాలర్‌షిప్ ఆలస్యమై మెస్ బిల్లు కట్టలేక మాలో ఒకరు బ్యాగు సర్దుకున్న రోజు కూడా ఉంది. మిగిలిన ఇద్దరం మా డబ్బులు కలిపి కట్టి ఆపేశాం.

మేం నేర్చుకున్న పెద్ద పాఠం మాత్రం ఒక అవ్వ దగ్గర. పక్షవాతం వచ్చి నెల దాటాక మన వైపు నుంచే వచ్చింది. కుర్చీలో కూర్చుని లేచే వ్యాయామం బొమ్మలున్న కాగితం ఇచ్చి, "అర్థమైందా అమ్మా?" అంటే తల ఊపింది. కోయలో పలకరిస్తే అసలు సంగతి చెప్పింది. వాళ్లింట్లో కుర్చీయే లేదు. ఉన్నది నులక మంచం. అది కిందికి ఉంటుంది కాబట్టి లేవలేకపోతోంది.

మా సార్‌తో మాట్లాడి వ్యాయామం మార్చాం. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టమన్నాం. ఎత్తు పెరిగితే లేవడం తేలిక. బలం వచ్చేకొద్దీ ఒక్కో ఇటుక తీసేయాలి. వేళ్లకు పని కోసం చింతగింజలు ఏరి గిన్నెలో వేయమన్నాం. తర్వాతి సారి వచ్చినప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసింది.

పక్షవాతం తర్వాత మెరుగుదల ఎక్కువగా తొలి మూడు నెలల్లోనే వేగంగా ఉంటుంది. ఆ మూడు నెలలే మన ఊళ్లలో మంచం మీద గడిచిపోతున్నాయి. అందుకే మూడు మాటలు ఇంటికి తీసుకెళ్లండి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, పుండ్లు పడవు. పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపకండి, భుజం కీలు జారుతుంది. ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి.

ఇంకో సంగతి. మన జాతుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. కొడవలిలా వంగిన రక్తకణాలు దారి మూసేస్తే తుంటి ఎముకకు రక్తం అందక అది చచ్చుబడుతుంది. కుర్రవాళ్లకు తుంటి నొప్పి వస్తే వాతం అని వదిలేయకండి, రక్త పరీక్ష చేయించండి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. మన దగ్గర పరీక్షలు పెట్టినప్పుడు వెళ్లండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటర్‌లో బైపీసీ చదివేవాళ్లు ఎంబీబీఎస్ రాకపోతే చదువే అయిపోయిందనుకోవద్దు. బీపీటీ నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. తర్వాత ఎంపీటీ రెండేళ్లు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ గడువు దాటనివ్వకండి. కోయ, గోండి, కొలామి, కువి వచ్చినవాళ్లు ఆ భాష రావడాన్ని చిన్నతనం అనుకోకండి. ఆ అవ్వ నిజం చెప్పింది ఆ భాషలోనే.

చదువు అయ్యాక ఏజెన్సీలోనే పని చేయాలని మేం ముగ్గురం అనుకున్నాం. ముగ్గురం చాలం. మీలోంచి ఇంకా రావాలి. ఏ సందేహం ఉన్నా సభ అయ్యాక ఇక్కడే ఉంటాం, అడగండి.

జై ఆదివాసీ!