అడవిలో నిప్పు: కాల్చుచోటు, కాచుచోటు

గ్రామపెద్దలారా!

ఖమ్మము సీమనుండి భద్రాచలము వఱకు వ్యాపించిన యడవి టేకు, వెదురు, ఇప్ప, తునికి చెట్లకు పుట్టినిల్లు. కిన్నెరసాని యీ యడవులలో పాఱి బూర్గంపాడు చెంత గోదావరిలో కలియును. 1977లో ఇందు సుమారు 635 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైనది. ఈ యడవికిని నిప్పునకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును.

నిప్పెల్లయు నడవికి పగ కాదు. వేసవికి ముందే అటవీశాఖవారు బాటల వెంబడి అగ్నిరేఖలు తీసి, అందలి యెండుటాకును తామే కాల్పింతురు. పిదప కార్చిచ్చు పుట్టినను, అచ్చట మేత లేక అణగిపోవును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె నిది మేలు గదా!

అయితే నిప్పంటించుటకు ముందు, దేనిని కాల్చరాదో నిశ్చయింపవలయును. మొదటిది వాగుగట్టు. అచ్చటి చెట్ల వేళ్లు మట్టిని పట్టియుంచును. రెండవది తొఱ్ఱగల ముసలిచెట్టు. అది పక్షుల కిల్లు. దానిలో రవ్వ దూరెనా, పొగగొట్టమువలె లోలోన మండి నిప్పురవ్వలను దూరముగా చిమ్మును. మూడవది లేతమొక్కలు లేచుచున్న నేల. అడవికోడి గ్రుడ్లు పెట్టునదియు నేలమీదనే. ఇట్టిచోట్ల చుట్టును రెండు బారల వెడల్పున ఆకు నూడ్చి మన్ను కనబఱుపవలయును. మంట గాలికి ఎదురుగా, వాలునేలపై మీదినుండి క్రిందికి ప్రాకునట్లు అంటించినచో మెల్లగా కాలును. క్రిందినుండి యంటించినచో ఎగువకు పరుగెత్తును. దుంగలు పూర్తిగా చల్లారినవని చూచుకొనక యిల్లు చేరరాదు.

ఇక ఇప్పచెట్టు మాట. ఫాల్గుణ చైత్రములందు పువ్వు ఏఱుటకై చెట్టు క్రింది యాకును కాల్చుట కలదు. అది కూటికొఱకు చేయు పనియే గాని దుర్బుద్ధి కాదు. కాని యేటేట కాల్చిన చెట్లక్రింద నేను వెదకిచూచితిని. ఒక్క పిల్లమొక్కయు కానరాలేదు. తాతలు నాటి చెట్టు మనకు పువ్వు నిచ్చుచున్నది. మన మనుమలకు ఏ చెట్టు ఇచ్చును? చీపురుతో ఆకు నూడ్చి, పాతచీర పఱచినచో పువ్వు శుభ్రముగా దొరకును, మొక్కయు బ్రదుకును.

2004 నుండి ఉపగ్రహములు కనిపెట్టిన మంటల జాడను భారత అటవీ సర్వేక్షణ సంస్థ అటవీశాఖలకు తెలుపుచున్నది. ఉపగ్రహము మంటను చూడగలదు. ఏ తొఱ్ఱలో గూడున్నదో, ఏ యూట వేసవిలో నెండదో మీరే యెఱుగుదురు. అడవిని, వాగులను కాపాడు అధికారమును 2006 నాటి అటవీహక్కుల చట్టము, 5వ విభాగమున, గ్రామసభ కిచ్చినది. కావున నిప్పు పెట్టు దినమునకు ముందు అటవీ యుద్యోగితో కలిసి యొకమాఱు నడచి, విడువవలసిన చోట్లను గుర్తు పెట్టింపుడు. ఆ యొక్కపూట నడక పెక్కేండ్ల యడవిని నిలుపును.