ఫొటో వెనక పేర్లు

ఫొటో అంటే మెషీన్ పని అనుకుంటం. 1892ల లాలా దీన్‌దయాళ్ హైదరాబాద్‌ల పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టిండు. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ చూసింది.

19వ శతాబ్దపు ఫొటో కూడా చేతిపనే. కాగితానికి గుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణం పట్టించి, ఎండల అచ్చు తీసెటోళ్లు. కొన్నిటికి చిత్రకారులు కుంచెతో రంగులద్దెటోళ్లు.

ఫొటోలు తీసినోళ్ల పేర్లు చరిత్రకెక్కినయి. ఫొటోల కనబడే చీర నేసినోళ్లు, నగలు చేసినోళ్లు ఎక్కలేదు.

మన ఇంటి గోడ మీది నాయనమ్మ ఫొటోదీ అదే కథ. ఆ చీర ఏ ఊరి మగ్గానిది? ఆ కడియాలు ఏ అవుసుల చేతివి? చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే అడుగుదాం. ఫొటో వెనక రాసి పెడదాం. మనం రాయకుంటే ఇంకెవరూ రాయరు.