సమీకరణమును విప్పి చెప్పుట

రేడియోలో గణితము చెప్పుట సులభము కాదు. ఇచట నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు. "ఒకటి బై రెండు ప్లస్ మూడు" అని మేము చదివితిమనుకొనుడు. ప్రొద్దుటూరులో వినుచున్న బాలుడు అరకు మూడు చేర్చి మూడున్నర అనును. జమ్మలమడుగులో వినుచున్న బాలిక రెండును మూడును ముందుగా కూడి, ఐదవ వంతు అనును. ఇరువురిదియు తప్పు కాదు. మేము చెప్పిన తీరే చాలలేదు. "భిన్నము, లవము ఒకటి, హారము రెండు ప్లస్ మూడు" అని విప్పి చెప్పిన ఇరువురును ఒక్క తీరుగనే వ్రాసికొందురు.

గణితమును కంప్యూటరుపై అచ్చునకు కూర్చు టెక్ అను పద్ధతి ఈ ఉపాయముపైననే నడచుచున్నది.

సీసపు అక్షరముల కాలమున సమీకరణమనిన కంపోజిటరుకు గండమే. చిన్న అంకెలను పైన, క్రింద, నడుమ గీతను చేతితో అమర్చవలసి యుండెను. కూర్పు ఫొటో పద్ధతికి మారిన పిదప, 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డోనాల్డ్ నూత్ తన గ్రంథపు రెండవ సంపుటము ప్రూఫులు చూచి, అందము చెడినదని నొచ్చుకొనెను. తానే ఒక కూర్పు పద్ధతిని నిర్మింప బూనెను. 1978లో టెక్ తొలిరూపము సిద్ధమైనది. 1980వ దశకమున లెస్లీ లాంపోర్టు దానిపై లేటెక్‌ను కట్టి, అధ్యాయములకు, సమీకరణములకు వరుససంఖ్యలు వానంతట అవే పడునట్లు చేసెను. రెండును ఉచితముగ లభించును.

భిన్నము కావలెనన్న వెనుకకు వాలిన గీత పెట్టి "ఫ్రాక్" అని టైపు చేసి, ఒక జత ఫ్లవర్ బ్రాకెట్లలో లవమును, మరియొక జతలో హారమును వ్రాయవలెను. వర్గమూలమునకు వేరొక పేరు కలదు. ఘాతమునకు టోపీ గుర్తు. గీత ఎంత పొడవుండవలెనో, మూలచిహ్నము ఎంత ఎత్తు పెరుగవలెనో యంత్రమే చూచుకొనును. ఒక బ్రాకెట్టు మరచిన మాత్రము పని నిలిచిపోవును. తొలి దినములలో విసుగు తప్పదు.

ఇంత శ్రమ ఏలయన, ప్రశ్నపత్రమున భిన్నము ఒక్క వరుసలోనికి ఒరిగినచో, పైని చెప్పిన పిల్లలలో ఒకరికి మార్కులు పోవును. పులివెందులలో 2006 నుండి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల కలదు. ప్రొద్దుటూరున యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు. అచటి విద్యార్థి ఈ పద్ధతిని అభ్యసించిన, అతడు కూర్చిన సమీకరణము కేంబ్రిడ్జిలో అచ్చయిన దానికి తీసిపోదు. తెలుగు పాఠమునకును త్రోవ ఏర్పడినది. 2004లో వెలువడిన జీటెక్ యూనికోడ్ తెలుగును నేరుగ గ్రహించును. ఎఱ్ఱగుంట్ల చెంత కలమళ్లలో 575 ప్రాంతపు తెలుగు శాసనము లభించిన రేనాటి సీమ ఇది. ఇచటి ఉపాధ్యాయుడు తెలుగు ప్రశ్నపత్రమున సమీకరణమునకు చోటు విడిచి, పిదప కలముతో నింపనక్కరలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒక్కటే. ఒక భిన్నముతో మొదలిడుడు. కూర్చుటకు ముందు దానిని పైకి చదువుడు. నల్లబల్ల చూడని శిష్యుడు మీ మాటనుబట్టి సరిగ వ్రాసికొనినచో, యంత్రమును సరిగనే కూర్చును.