ఎంత బిగించాలి?

 

మనలో చాలామందికి కార్లున్నాయి. బండి నిలిపిన చోట ఆయిల్ చుక్కలు కనిపిస్తే అశ్రద్ధ చేయకండి. ఆయిల్ బాగా తగ్గితే ఇంజనే సీజ్ అవుతుంది. ముందు అడుగుభాగం తుడిపించి, ఎక్కడ కారుతోందో చూడండి. పైన ఫిల్టర్ దగ్గర కారినా, జారి డ్రెయిన్ ప్లగ్ మీదికే రావచ్చు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి.

ప్లగ్ దగ్గరే కారుతుంటే చాలామంది ఇంకా గట్టిగా బిగిస్తారు. తరచుగా లోపం వాషర్‌లో ఉంటుంది. రాగి, అల్యూమినియం వాషర్లు నలిగి సందు మూస్తాయి. ఒకసారి నలిగినది మళ్లీ అంత బాగా పట్టదు. అందుకే ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వేయించండి. ఖర్చు కొద్ది రూపాయలే.

మరి ఎంత బిగించాలి? మీ కారు మాన్యువల్‌లో 35 న్యూటన్ మీటర్లని ఉందనుకోండి. పావు మీటరు స్పానర్ చివర సుమారు 14 కిలోల బరువంత నొక్కితే చాలు. పైపు తొడిగి దాన్ని మీటరు పొడవు చేస్తే, అదే నొక్కుడికి బిగింపు నాలుగింతలవుతుంది. అల్యూమినియం చాంబర్ అయితే థ్రెడ్లు ఊడి, చాంబరే మార్చాల్సి రావచ్చు.

బలాన్ని దూరంతో గుణించే ఈ లెక్క మనకు ఈ బడి బల్లల మీదే వచ్చింది. నా ఉద్యోగమంతా దానిమీదే నడిచింది.